గేటు నాలుగు

అజ్మాన్ పారిశ్రామికవాడలో, టైర్ల గోదాము పక్క హాల్లో
ఆ రాత్రి నాలుగో పోటీకి నేను రిఫరీని.
నీలం చొక్కా, మెడకు నల్ల బో, చేతులకు పల్చటి తొడుగులు.
నెత్తురు అంటకూడదని తొడుగులు.
మిగతావి అంటుతాయి.

ఎర్ర మూల సెమకులా, కంపాలావాడు.
రాత్రిళ్లు కాపలా, పగలు నిద్ర,
నెలకో రాత్రి సెలవడిగి ఇలా గుద్దులాట.
నీలి మూల రుస్తమ్‌జోన్, సమర్ఖండ్ వాడు.
వాడు రాత్రిళ్లు నిద్రపోతాడు. అదే తేడా.

జాలారిపేటలో నాకు గ్లవ్స్ కట్టిన సోమన్న అనేవాడు:
"సేతులు అబద్దమాడతాయిరా ఎల్లాజీ,
మడవ ఆడదు. మడవ సూడు."
మూడో రౌండు నుంచీ సెమకులా మడమలే చూస్తున్నాను.
కుడిది కాన్వాసుకు అతుక్కుని లేస్తోంది
మధ్యాహ్నపు తారురోడ్డు మీద చెప్పులా.

నియమాల పుస్తకంలో ఒక మాటుంది:
'తెలివిగా తనను తాను కాపాడుకోలేనప్పుడు.'
ఆ 'తెలివిగా' దగ్గరే
పదిహేనేళ్లుగా నిలబడి ఉన్నాను.
తెలివిగా కాపాడుకునేవాడు
ఈ తాళ్ల మధ్యకు ఎందుకొస్తాడు?

కేకలు. మలయాళంలో, పష్తోలో, తగాలోగ్‌లో
'చంపెయ్'ని ఏమంటారో నాకు తెలుసు.
వెనక వరసలోంచి తెలుగులో కూడా ఒకడు,
"ఏసెయ్ మావా, అయిపోయాడు!"

అయిపోయాడని వాడికి అంత దూరం నుంచి తెలిసింది.
నేను మూరెడు దూరంలో ఉండి
ఇంకా ఆలోచిస్తున్నాను.

మనామాలో ఒకడికి ఎనిమిది దాకా లెక్కపెట్టాను.
ఏడుకే లేచాడు. లేచాడు కదా అని వదిలేశాను.
పేరు చెప్పను.
ఇప్పుడు చెంచా ఎడంచేత్తో పట్టుకుంటాడట.
వాళ్లన్న ఫోన్ చేశాడు, తిట్టలేదు.
తిడితే బాగుండేది.

ఐదో రౌండు. ఎడమ హుక్
దవడ తప్పి చెవి వెనక్కి దిగింది.
పెద్ద చప్పుడేం రాలేదు.
వాడు పడలేదు, పడితే నాకు సులువయ్యేది.
చేతులు పైనే ఉన్నాయి,
కళ్లు మాత్రం నన్ను దాటి
నా వెనక ఏదో ఖాళీ రోడ్డును చూస్తున్నాయి.

మధ్యలోకి దూరి, మొహం దగ్గర మొహం పెట్టి అడిగాను:
ఎక్కడున్నావు?

పళ్ల కవచం వెనక నుంచి, ఎంతో మర్యాదగా,
"గేటు నాలుగు, సార్.
ఎవరూ రాలేదు, సార్. అంతా మామూలే."

రెండు చేతులూ గాల్లో ఊపేశాను.

నీళ్ల సీసా వచ్చి భుజానికి తగిలింది.
వాడి కోచ్ మెడలో తువ్వాలు మెడలోనే ఉంది,
నోరు మాత్రం నా మీదకొచ్చింది.
గెలిస్తే రెండువేల దిర్హాములు, ఓడితే ఆరొందలు.
తెలివి తిరిగాక సెమకులా కూడా ఆ లెక్కే అడిగాడు,
"నేను పడలేదు కదా, సార్?"

పడలేదు.

మా నాన్న ఒకసారి నడిసంద్రంలో
గాలి తిరిగిందని వల తాడు కోసేసి ఒడ్డుకొచ్చాడు.
గంటలో గాలి చల్లబడింది.
కొత్త వల, అప్పు తెచ్చి కొన్నది.
అమ్మ చచ్చేదాకా ఆ వల మాటే సాధించింది.
కొయ్యకపోతే ఏమయ్యేదో
అమ్మకి చూపించడానికి
ఆయన దగ్గర ఏముంది?

మూడో రాత్రి వెతుక్కుంటూ వెళ్లాను.
గేటు నాలుగు నిజంగానే ఉంది,
అల్యూమినియం గోదాము వెనక వైపు,
ఒక స్టూలు, ఒక టేబుల్ ఫ్యాను, ఒక రిజిస్టరు.
వాడి కంటిపాపలు చూద్దామని వెళ్లినవాణ్ణి,
టార్చి వెలుగు నా కళ్లలోనే పడింది.

"పేరు?"
గరికిన ఎల్లాజీ.
"ఎవరి కోసం?"
ఏం చెప్పను.

"ఇంకో మూడు రౌండ్లున్నాయి, సార్,"
అన్నాడు తలెత్తకుండా, టైము రాసుకుంటూ.
అంకెలు వంకర పోలేదు,
గీత మీదే కూర్చున్నాయి.
రెండుసార్లు చూశాను.